మూటలో మిగిలిన గొంతు

“పది నిమిషాలు మేడమ్. ఆ తర్వాత నా పని నన్ను చేసుకోనివ్వండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, తలుపుకి అడ్డంగా నిలబడే.

డిటెక్టివ్ చెప్పులు గుమ్మం బయట విడిచింది. గ్లవ్స్ తొడుక్కుని, అతని పక్కనుంచి ఒదిగి గదిలోకి వెళ్ళింది. ఒకప్పుడు తనూ పోలీసు శాఖలోనే పనిచేసింది. పది నిమిషాలంటే అతనికి విసుగొచ్చేదాకా అని ఆమెకి తెలుసు.

మేడ మీద ఒంటి గది. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు, దాని ముందు చేతుల కుర్చీ. మొన్న ఆ కుర్చీలోనే అనౌన్సర్ ప్రాణం పోయింది. ఆయన ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. ఊళ్ళో బస్సెక్కిన ప్రతివాళ్ళకీ ఆ గొంతు తెలుసు. మనిషిని చూసినవాళ్ళు తక్కువ. రెండేళ్ళ క్రితం గొంతులో పుండు పడితే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటినుంచి మెడ కింద చేసిన రంధ్రంలో చిన్న గొట్టం, ఆ గొట్టంలోంచే ఊపిరి. నోటికీ ముక్కుకీ ఊపిరితో పని లేకుండా పోయింది. నోట మాట సరేసరి.

మొన్న రాత్రి ఎనిమిదిన్నరకి మేనకోడలు తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలో ఒరిగిపోయి ఉన్నాడు. గుండె ఆగిందనుకున్నారు అందరూ. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మాత్రం గొట్టం లోపల గుడ్డ పీచు తీసి చూపించాడు. ఎవరో మెడ దగ్గర గట్టిగా అదిమి పట్టుకున్నారు.

“మామూలుగా మనిషిని చంపాలంటే నోరూ ముక్కూ మూస్తారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఈయన ఎక్కడినుంచి గాలి పీలుస్తాడో తెలిసినవాళ్ళే చేసిన పని. అలా తెలిసినవాళ్ళు ముగ్గురే. ఈ గది అద్దెకిచ్చి కింద ఉండే ఇంటావిడ, రోజూ పొద్దున్నే వచ్చి ఆ గొట్టం కడిగిపెట్టే మా నాన్న, ఇదిగో ఈవిడ.”

‘ఈవిడ’ గోడవార మహిళా కానిస్టేబుల్ పక్కన నిలబడి ఉంది. అనౌన్సర్ చెల్లెలి కూతురు. ముప్ఫై ఏళ్ళుండవచ్చు. తల్లి చిన్నప్పుడే పోతే ఆ మేనమామే పెంచి, చదివించి, పెళ్ళి చేశాడు. నిన్నటినుంచి స్టేషన్‌లోనే ఉంది. జరిగింది జరిగినట్టు చేసి చూపించమని ఇవాళ ఇక్కడికి తీసుకొచ్చారు.

“నలుగురనండి,” అంది డిటెక్టివ్. “మీకూ తెలుసు కదా.”

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. “ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి మేడమ్. మా నాన్న బస్టాండులో ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేశాడు, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికో రాసిచ్చేది ఆయనే. ఒకే గదిలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పాతికేళ్ళు పనిచేశారు ఇద్దరూ. నా పోలీసు సెలెక్షన్‌కి మైదానంలో నాతోపాటు పరుగెత్తింది ఈయన. కాబట్టి నాకు వేళాకోళాలు చెప్పకండి.”

“అన్నయ్యా, నేను...” అని గోడ దగ్గరనుంచి మేనకోడలు ఏదో అనబోయింది.

“అన్నయ్య లేడు ఇక్కడ. ఇన్‌స్పెక్టరే ఉన్నాడు.”

డిటెక్టివ్ ఆ పిల్లవైపు కాసేపు చూసింది. నిన్న తన ఆఫీసుకి వచ్చి ఈ కేసు ఒప్పజెప్పింది ఈ అమ్మాయి అత్తగారు. ‘మా కోడలు బొద్దింక కనిపిస్తే నన్ను కేకేస్తుందండీ, మనిషినెక్కడ చంపుతుంది’ అని చెప్పి, చెంగుతో కళ్ళు ఒత్తుకుని, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

డిటెక్టివ్ గుమ్మం బయట నిలబడ్డ ఇంటావిడని లోపలికి పిలిచింది.

“మొన్న ఎనిమిదింటికి మీరు పైకి ఎందుకు వచ్చారు?”

“వేడినీళ్ళ ఫ్లాస్కు ఇద్దామనండీ. రోజూ ఇచ్చేదే. ఆ సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళి ఏడింటికి తిరిగొచ్చాను. నీళ్ళు కాచి, తెచ్చి, తలుపు కొట్టాను. లోపలినుంచి ఆయన గొంతు పలికింది. అదే, కంప్యూటర్లో గొంతు. ఆయనదే కదండీ అదీ.”

“ఏమంది?”

“‘నిద్ర వస్తోంది, రేపు మాట్లాడదాం, వెళ్ళండి’ అంది. ఫ్లాస్కు గుమ్మం పక్కన పెట్టి దిగిపోయాను.”

“రోజూ అలాగే మాట్లాడేవారా?”

ఇంటావిడ ఆలోచనలో పడింది. “లేదండీ. ఫ్లాస్కు తెస్తే చాలు, ‘ప్రయాణికులకు విజ్ఞప్తి, చెల్లెమ్మగారి వేడినీళ్ళు మేడ మీదికి చేరుకున్నవి’ అని వినిపించేవారు. ఏ రోజూ మానలేదు. నన్ను చెల్లెమ్మా అనే తప్ప వెళ్ళండి, రండి అని ఎప్పుడూ...” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “ఆ రోజు నా మీద ఎందుకు కోపమొచ్చిందో అనుకుంటూ పడుకున్నానండీ.”

“ఒంట్లో బాగాలేని మనిషి ప్రతిసారీ హాస్యాలాడతాడా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఎనిమిదింటికి మాట్లాడాడు. అంటే ఎనిమిదింటికి బతికున్నాడు. ఎనిమిదిన్నరకి లేడు. మధ్యలో ఈ మెట్లెక్కింది ఒక్కతే.”

“వెనక ఇనుప మెట్లున్నాయి. ఆ తలుపు గడియ వేసి లేదని మీ పంచనామాలోనే ఉంది.”

“అది ఈవిడే తీసి ఉండొచ్చు, మనల్ని తప్పుదోవ పట్టించడానికి. ఇంకోటి వినండి. క్రితం వారం ఇదే గదిలో ‘ఇంక నా వల్ల కాదు మావయ్యా’ అని అరిచింది. ఇంటావిడే విన్నారు.”

ఇంటావిడ తల దించుకుంది.

“అరిచాను మేడమ్,” అంది మేనకోడలు. “మావయ్య టైపు చేస్తే ఆయన గొంతుతో పలికే ప్రోగ్రాం గురించి. దాన్ని యాంటీవైరస్ మాటిమాటికీ తీసి పారేస్తోంది. నేనొచ్చి మళ్ళీ పెట్టడం, మర్నాటికి అది మళ్ళీ మాయం. అది లేకపోతే మావయ్యకి నోరు లేదు. నాకు ఫోన్ చేసి రిసీవర్ మీద వేలితో టకటక కొట్టేవారు. ఆఫీసులో ఎంత పనున్నా ఆ టకటక వింటే పరుగెత్తుకొచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం అలిసిపోయి అరిచాను.”

డిటెక్టివ్ బల్ల కింద మోకాళ్ళ మీద వంగింది. గోడకి ఒకే బోర్డు మీద రెండు ప్లగ్గులు పెట్టే చోట్లున్నాయి. కింది దాని పక్కన తెల్ల కాగితం అతికించి ‘కంప్యూటర్’ అని, పైదాని పక్కన ‘కఫం మెషీన్’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

“ఈ చీటీలు ఎవరు అంటించారు?”

“నేనే. గొట్టంలో కఫం అడ్డుపడితే లాగే మెషీన్ అది. అది ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాలి. పొరపాటున తీసేస్తారేమోనని రాసి పెట్టాను.”

“ఇప్పుడు కఫం మెషీన్ వైరు నేల మీద పడి ఉంది. దాని చోట్లో కంప్యూటరు వైరు ఉంది.”

మేనకోడలు ఒక్క అడుగు ముందుకి వేసింది. కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని ఆపింది. “అలా ఎప్పుడూ ఉండదు మేడమ్. మావయ్య ఆ వైరు ఛస్తే ముట్టుకోరు.”

“మా వాళ్ళు వస్తువులు జరిపినప్పుడు మారి ఉంటుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మీ వాళ్ళు తీసిన మొదటి ఫోటోలోనే ఇలా ఉంది. నేను చూసే వచ్చాను.” డిటెక్టివ్ ప్లగ్గుని బయటికి లాగకుండా పక్కనుంచి చూసింది. ఒక పిన్ను వంకర తిరిగింది. “ఎవరి కాలో తగిలి రెండు వైర్లూ ఊడిపోయాయి. కంగారులో కంప్యూటరు వైరు తిరిగి పెట్టినవాళ్ళు చీటీ చూడలేదు.”

“చూసి ఉండాల్సింది మీరు మా సైబర్ రిపోర్టు,” అని ఇన్‌స్పెక్టర్ జేబులోంచి మడత కాగితం తీశాడు. “ఈ ప్రోగ్రాం తెరవగానే ‘ప్రమాదకరం’ అని ఎర్ర అక్షరాలు వస్తున్నాయి. తయారుచేసిందెవరో తెలియదంటోంది. వైరస్‌లాగా ప్రవర్తిస్తోందంటోంది. ఈవిడ మేనమామ కంప్యూటర్లో పెట్టింది గొంతు కాదు మేడమ్, దొంగ కన్ను. ఆయన ఏం చేస్తున్నాడో కనిపెట్టడానికి.”

“అయ్యో!” అంది మేనకోడలు. కోపం కూడా లేదు ఆ మాటలో. “దాని మీద సంతకం లేదు సార్. కంపెనీలు అమ్మే ప్రోగ్రాములకి ‘ఇది మాదే’ అని ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. నాది ఇంట్లో కట్టుకున్న మూట. ఊరూ పేరూ లేని మూటని చూస్తే ఎవరికైనా అనుమానమే. పైగా అది నడవాలంటే ముందు తనని తాను విప్పుకోవాలి. వైరస్‌లు కూడా అలాగే చేస్తాయి. అందుకని దీన్నీ దొంగే అనుకుంటుంది.”

డిటెక్టివ్ బల్ల కిందనుంచి లేచింది. “విప్పుకోవడమంటే? నాకు మొదట్నుంచీ చెప్పమ్మా. నాకు కంప్యూటరంటే బిల్లులు కట్టుకోవడమే తెలుసు.”

మేనకోడలు కుర్చీ వైపు చూడకుండా, బల్ల వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

“ఆపరేషన్ తేదీ ఇచ్చాక నలభై రోజులు టైముంది. రోజూ నా ఆఫీసు అయ్యాక వచ్చి మావయ్య గొంతు రికార్డు చేశాను. మాటలు, అంకెలు, పిలుపులు, తిట్లు కూడా. టైపు చేస్తే వాటిని అతికించి పలికే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. అది నా కంప్యూటర్లో బాగానే నడుస్తుంది. మావయ్య కంప్యూటర్లో నడవాలంటే అక్కడా పైథాన్ ఎక్కించాలి, దాని తాలూకు సవాలక్ష లైబ్రరీలు ఎక్కించాలి. ఆ సంగతి చెప్తే, ‘పైథాన్ అంటే పాము కదే, కొంపలోకి ఎందుకు తేవడం’ అని పలక మీద రాసి చూపించారు.”

ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట ఆయన అన్నట్టే ఉంది కాబోలు.

“అందుకని మొత్తం ఒకే మూట కట్టాను. ప్రోగ్రాం, అది నడవడానికి కావలసిన సరంజామా, ఆయన గొంతు, అన్నీ ఒకే ఫైలు. పైన మైకు బొమ్మ. దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు. ఇంకేమీ తెలియక్కర్లేదు, ఎవరైనా నడపొచ్చు.” ఆగిపోయింది. “ఎవరైనా నడిపేలాగే చేశాను మేడమ్.”

ఆమెకి ఏం తట్టిందో డిటెక్టివ్‌కి అర్థమైంది. ఎనిమిదింటికి తలుపు వెనకనుంచి ‘వెళ్ళండి’ అన్నది ఇంకెవరో అని ఆ అమ్మాయికి ఇప్పుడే తెలిసింది. పేరు తెలియదు. మావయ్య మాత్రం కాదు.

తన తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఏడాదంతా డిటెక్టివ్ మంచం పక్కన కూర్చుని ఒక్క మాట కోసం చూసింది. అది రాకుండానే తల్లి వెళ్ళిపోయింది. అలాంటి మాటని ఒకరు ఇంత కష్టపడి కట్టి ఇస్తే, ఇంకొకరు దానితో ఇలాంటి పని చేయించారు.

“ఆ మూట ఎక్కడ విప్పుకుంటుంది?” అని అడిగింది.

“కంప్యూటర్లో టెంపరరీ ఫైళ్ళుండే చోట. తెరిచిన ప్రతిసారీ కొత్త ఫోల్డరు ఒకటి పుడుతుంది. పలికిన ప్రతి వాక్యాన్నీ ముందు అందులో ఒక ఆడియో ఫైలుగా రాసి, తర్వాత వినిపిస్తుంది. ప్రోగ్రాం మూసేయగానే ఆ ఫోల్డరు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.”

“మూయకుండా ప్లగ్గు ఊడిపోతే?”

మేనకోడలు తలెత్తింది. “తుడిచేవాళ్ళుండరు. అలాగే పడి ఉంటుంది. మళ్ళీ ఆన్ చేసినా పోదు. అప్పుడు ఇంకో కొత్తది పుడుతుంది.”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. “మీ సైబర్ వాళ్ళు అక్కడ చూశారా?”

“పనికిరాని ఫైళ్ళుండే చోటు అది. ఎందుకు చూస్తారు?”

“ఇప్పుడు చూద్దాం. మీ ఎదురుగానే. మీ ఫోన్‌లో వీడియో తీయండి, తర్వాత మేమేదో మార్చామని అనకుండా.”

అతను ఫోన్ తీసి కానిస్టేబుల్ చేతికిచ్చాడు. “కూర్చో,” అన్నాడు మేనకోడలితో.

ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు. బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని కంప్యూటరు ఆన్ చేసింది. ఫోల్డర్ల వరస ఒకటి తెరుచుకుంది. వేలితో ఒకదాన్ని చూపించింది. ఆ ఒక్కటే మిగిలి ఉంది. అందులో చివరి ఫైలు మొన్నటిది, సాయంత్రం అయిదూ పది.

“అయిదూ పది,” అంది డిటెక్టివ్. “ఆ తర్వాత ప్లగ్గు ఊడింది. ఇంటావిడ ఇంట్లో లేరు. ఎనిమిదింటికి ఎవరో మళ్ళీ తెరిచి, తలుపు బయట ఒక సాక్షి ఉండగా మూడు ముక్కలు పలికించి, ఈసారి శుభ్రంగా మూసి, వెనక మెట్లు దిగిపోయారు. ఆ ఫోల్డరు తుడుచుకుపోయింది. ఇది మిగిలిందని వాళ్ళకి తెలియదు. మీ లెక్క ఎనిమిదినుంచి ఎనిమిదిన్నర. అసలు లెక్క అయిదింటికే ముగిసింది. అయిదింటికి ఈ అమ్మాయి ఎక్కడుంది?”

“ఆఫీసులో,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, తనకి తనే చెప్పుకున్నట్టు. “ఏడున్నర దాకా అక్కడే ఉంది. మేం కనుక్కున్నాం.” మెల్లగా దగ్గరికి వచ్చాడు. “వినిపించు.”

మేనకోడలు మొదటి ఫైలు నొక్కింది.

*ఒరేయ్ విజిలూ.* వెంటనే గలగలమని నవ్వు. *రా, కూర్చో. తలుపు వేసి రా.*

నిండైన గొంతు. ఒకప్పుడు బస్టాండంతా పరుచుకున్న గొంతు ఆ చిన్న గదిలో పట్టలేదు. గుమ్మం దగ్గర ఇంటావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

మేనకోడలి చెయ్యి మౌస్ మీద ఆగింది. ఆమె డిటెక్టివ్ వైపు చూడలేదు. తలెత్తి ఇన్‌స్పెక్టర్ మొహంలోకి చూసింది.

“మిగతావి తర్వాత విందాం మేడమ్,” అంది గబగబా. “ఆపేస్తాను. సార్‌ని బయటికి వెళ్ళమనండి. ముందు మీరొక్కరే వినండి.”

నిన్నటినుంచి తనని హంతకురాలు అంటున్న మనిషిని ఈ అమ్మాయి దేనినుంచో కాపాడాలని చూస్తోంది. ఎందుకో డిటెక్టివ్‌కి అంతుపట్టలేదు.

“ఎవరమ్మా ఆ విజిలు?”

జవాబు చెప్పింది ఇన్‌స్పెక్టర్.

“మా నాన్న,” అన్నాడు. “బస్సులు వెనక్కి తిప్పించేటప్పుడు విజిలు ఊదీ ఊదీ ఆ పేరొచ్చింది. బాబాయ్ ఒక్కడే అలా పిలిచేవాడు.” మెడ దగ్గర చొక్కా గుండీ తీసుకున్నాడు. “వినిపించు తల్లీ. వరసగా వినిపించు. ఆపకు.”

ఒకవైపు మాటలే వినిపించాయి. రెండోవైపు మనిషి మాటలు ఎక్కడా లేవు.

*లేదురా. కోపం ఏమీ లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు.*

*ఉత్తరం వేశాను. ఎల్లుండి సాయంత్రం బస్సుకి వస్తానంది ఆవిడ.*

*తప్పు నీదొక్కడిదే కాదు. మూడు బదులు అయిదో ప్లాట్‌ఫారం అని నువ్వు రాసిచ్చావు. నేను అదే చదివాను. ఎంక్వయిరీలో మూడు అని రాశానన్నావు. మూడు అనే చదివానని నేనూ చెప్పాను. నా నోటితోనే చెప్పాను.*

*ఆ తల్లి తను తప్పుగా విన్నాననుకుంటోందిరా. తను తప్పుగా విని పిల్లాణ్ణి అటు పరుగెత్తించాననుకుంటోంది. బస్సు వెనక్కి వచ్చి పిల్లాడు చక్రం కింద పడ్డాడు. ఆవిడ తన చెవుల్ని తిట్టుకుంటూ బతికింది. సరిగ్గానే విన్నావమ్మా అని ఒక్కరూ చెప్పలేదు.*

*గొంతు ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. పోయాక చెప్పాలనిపించింది. ఇది ఇచ్చింది కదా నా కోడలు, దీంతో చెప్తాను.*

*ఒరేయ్ విజిలూ.* మళ్ళీ అదే గలగల నవ్వు. *నీ కొడుక్కి నేను చెప్పను. వాడికి నువ్వే చెప్పుకో. మంచివాడు వాడు. అర్థం చేసుకుంటాడు.*

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకున్నాడు.

*ఏడవకురా. నీళ్ళు తాగు. బాటిల్ నా వెనకాల ఉంది.*

ఆ తర్వాత ఇంకేమీ లేదు. అయిదూ పది.

ఆ మనిషి నీళ్ళ కోసం లేచి, కుర్చీ వెనక్కి వెళ్ళాడు. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజూ గొట్టం కడిగే చేతులకి అది ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేదు.

“ఆ నవ్వేమిటి?” అని అడిగాడు ఇన్‌స్పెక్టర్. “అంత మాట చెప్తూ నవ్వాడా బాబాయ్?”

“లేదు అన్నయ్యా.” ఈసారి అతను ఏమీ అనలేదు. “రికార్డు చేసేటప్పుడు ఆ పేరు చెప్పగానే నవ్వొచ్చేసింది ఆయనకి. నవ్వు కోసేస్తానంటే ఒప్పుకోలేదు. వాణ్ణి నవ్వకుండా ఎప్పుడూ పిలవలేదే, ఉండనీ అన్నారు. అందుకని ఆ పేరు ఎప్పుడు కొట్టినా నవ్వు వస్తుంది.” కొంగు నోట్లో కుక్కుకుంది. “ఆ రోజు ఆయన నవ్వలేదు. ఆయన మొహం ఎలా ఉందో మనకి తెలియదు.”

అతను చేత్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఒక్కసారి ఎగిసి పడ్డాయి. అంతే. చెయ్యి తీసేసరికి కళ్ళు పొడిగానే ఉన్నాయి.

“ఆ పిల్లాడు పోయినప్పుడు నాకు మూడేళ్ళు,” అన్నాడు. “నాన్న ఉద్యోగం పోతే మేం రోడ్డున పడేవాళ్ళం. ఆ అబద్ధం తినే పెరిగాను మేడమ్ నేను. బాబాయ్ దాన్ని మోస్తూ నాతో మైదానంలో పరుగెత్తాడు.” కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “ఆవిణ్ణి వదిలెయ్. వీడియో కాపీలు రెండు తీయించు. ఒకటి మేడమ్‌కి ఇవ్వు. నా చేతికి మాత్రం ఇవ్వకు. ఈ కేసులో ఇంక నేనుండకూడదు.”

డిటెక్టివ్ అతన్ని ఓదార్చలేదు. ఆమె మనసు వేరేచోట చిక్కుకుని ఉంది.

“ఎల్లుండి అన్నారు,” అంది. “మొన్న అన్న ఎల్లుండి.”

“అంటే?”

“ఇవాళే. ఆ తల్లి ఇవాళ సాయంత్రం బస్సుకి వస్తోంది. ఈయన పోయారని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. వస్తున్నట్టు తెలిసిన మనిషి ఒక్కడే.” గుమ్మం వైపు తిరిగింది. “అమ్మా, కంట్రోలర్ గారు ఇవాళ కనిపించారా?”

ఇంటావిడ కిందికి చెయ్యి చూపించింది. “మీరు వచ్చేముందు కింద అరుగు మీద కూర్చునే ఉన్నారండీ. మీ జీపు చూసి లేచారు. ‘ఎవరో పెద్దావిడ బస్సు దిగుతుంది, మనవాడు పోయిన సంగతి తెలియదు పాపం, నేను ఎదురెళ్ళి చెప్పొస్తాను’ అని బస్టాండుకి వెళ్ళారు. ఎంత మంచిమనిషో అనుకున్నాను.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే కానిస్టేబుల్ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. తండ్రి నంబరు నొక్కాడు. మోగింది. స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు.

“చెప్పరా,” అంది అవతల ముసలి గొంతు. వెనకాల ఇంజన్ల రొద, జనం కేకలు.

“నాన్నా, ఎక్కడున్నావ్?”

“బస్టాండులో. నీ గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా?”

“నాన్నా, బాబాయ్ మాటలు విన్నాను. అయిదింటివి.”

ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

“వినేశావా,” అన్నాడు తండ్రి. “వాడు చెప్పనన్నాడే.”

“నాన్నా, ఆవిడ దగ్గరికి వెళ్ళకు. నేనొస్తున్నాను. అక్కడే కూర్చో. ఒక్క పది నిమిషాలు.”

డిటెక్టివ్ చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్ల వైపు కదిలింది. కిందనుంచి డ్రైవరు జీపు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఫోన్‌లో ముసలాయన ఊపిరి బరువుగా తీసి వదిలాడు.

“ఆవిడ దిగి చాలాసేపయిందిరా. నడవలేకపోతోంది, పాపం. నా చెయ్యి పట్టుకుని ఉంది. బస్సులు వెనక్కి తిప్పే చోట నిలబడ్డాం ఇద్దరం.”

ఫోన్ ఆగిపోయింది.